కాకి ముట్టని విస్తరి

పోయిన వారం కర్నూలు కొత్త బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో పొద్దున్నే ఉగ్గాని తింటూ కూర్చున్నాను. పక్కనున్న మిరపకాయ బజ్జి ఇంకా వేడిగానే ఉంది. ఎదురు బల్ల దగ్గర ఒకాయన ఫోన్లో ఏదో చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆ ఫోన్లోంచి ఒక నవ్వు వినబడింది. అది మనుషులు నవ్వే నవ్వు కాదు. ఒక గుంపు ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆపేసే నవ్వు. చివర్లో ఒక ఆడగొంతు మాత్రం ఆగలేక కీచుమంటుంది. ఆ కీచు నాకు బాగా తెలుసు. ఎక్కడో యంత్రంలో దాచిపెట్టి, కావలసిన చోటల్లా తెచ్చి అతికించే నవ్వు అది. కొన్నేళ్ల కిందట మా ఎపిసోడుకు అతికించింది కూడా దాన్నే. బజ్జి ముట్టకుండానే లేచి వచ్చేశాను. ఇన్నేళ్లు గడిచాయి కదా, కోపం తగ్గి ఉంటుందిలే అనుకునేవాణ్ణి. ఏమీ తగ్గలేదు.

ఆ ఎపిసోడు రాసిన ఎస్తేరమ్మ గారి గురించి చెప్పాలి. మీలో చాలామంది ఆమె రాసినవి చూసే ఉంటారు. ఆమెను మాత్రం చూసి ఉండరు. ఆమెది వేంపల్లె దగ్గరి పల్లె. తండ్రి చర్చిలో పాటలు నేర్పేవాడు. క్రిస్మసుకు ఊళ్లో ఆడే నాటకాలు చిన్న వయసు నుంచే ఆమె రాసి ఆడించేది. తర్వాత బడిపంతులమ్మ అయ్యింది, రేడియోకు నాటికలు రాసింది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కర్నూలులో సీరియళ్లు తీసే ఒక చిన్న కంపెనీలో రచయితగా చేరింది. ఆ కంపెనీ 'దక్షిణపు గది' అనే దయ్యాల సీరియల్ తీసి హైదరాబాదులో ఒక ఛానెల్‌కు ఇచ్చేది. బక్కపలచని మనిషి. నేత చీర, మెడలో సన్నటి నల్లదారం, ఎప్పుడూ నుదుటి మీదికి తోసేసి ఉండే కళ్లద్దాలు. అవి నుదుటి మీద ఉన్నాయని మరిచిపోయి ఆఫీసంతా వెతికించేది.

నాది ఆత్మకూరు. మా నాన్నది పరుపులు కుట్టే అంగడి. ఇంటర్ మధ్యలో ఆపేసి కర్నూలు వచ్చాను. పగలు పని, సాయంత్రం గ్రంథాలయం. నాకు చదువు చెప్పింది ఆ గ్రంథాలయంలోని బీరువాలే. నాటకాల బీరువా అయిపోయాక అలంకారశాస్త్రం బీరువా పట్టుకున్నాను. అర్థం కానివి రెండోసారి చదివాను, అప్పటికీ కాకపోతే మూడోసారి చదివాను. అందుకు నాకు కొంచెం గర్వం కూడా ఉంది. ఉండకూడదా? ఎస్తేరమ్మ గారు చేత్తో రాసినదాన్ని టైపు చేసే పనికి మనిషి కావాలంటే వెళ్లాను. ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగింది.

“ఏమేం చదివినావప్పా ఖాజా?”

“ఇంటర్ మధ్యలో ఆపేసినా మేడమ్.”

“అది కాదప్పా నేనడిగింది. ఏమేం చదివినావు అంటాండా.”

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. చదివిన పుస్తకాలన్నీ వరసగా చెప్పాను. ఆమె ఓపిగ్గా అన్నీ విని, “ఇన్ని చదివినోడివి, వీట్లో దేనికన్నా గట్టిగా నవ్వినావా?” అంది. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. “సరే, రేపట్నుంచి రా. నవ్వేది ఈడ నేర్చుకుందువు గాని,” అంది. దయ్యాల సీరియల్ ఆఫీసులో నవ్వు నేర్చుకోవడమేమిటని ఆ రాత్రంతా ఆలోచించాను.

చేరిన కొత్తలోనే నా గ్రంథాలయం చదువును ఆమె ముందు పరిచాను. “మేడమ్, హాస్యానికి భయానకం శత్రువని శాస్త్రంలో ఉండాది. దయ్యాల కథలో నవ్వు పెడితే రెండూ చెడతాయంట,” అన్నాను. ఆమె టీ గ్లాసు దించి, “శత్రువులు ఒకే ఇంట్లో కాపురం చేసేది నువ్వు చూడలేదా అప్పా? మా అత్త బతికినన్నాళ్లు ఆమే నేనూ ఒకే పొయ్యి మీద వండుకున్నాము. చెడిందేమన్నా ఉంటే అది కూరే,” అని పకపకా నవ్వింది. కాసేపటికి తానే మళ్లీ అంది: “శాస్త్రం చెప్పింది అబద్ధం గాదులే. భయాన్ని తీసిపారేసి ఆ తావులో నవ్వును పెడితే రెండూ చెడతాయి. భయం యాడుండేది ఆడనే ఉండల్ల. నవ్వు దాని పక్కన వచ్చి కూర్చోవల్ల.” నేను చదివిన పుస్తకాల్లో ఈ మాట లేదు. ఆ సాయంత్రం వెళ్లి మళ్లీ వెతికాను కూడా.

'దక్షిణపు గది'లో దయ్యం పేరు ఓబులమ్మవ్వ. పాత మిద్దెలో దక్షిణం వైపు గదిలో చనిపోయిన ముసలామె. ఆమె కొడుకుల్నీ కోడళ్లనూ వణికించని రోజు లేదు. కానీ ఎస్తేరమ్మ గారు ఆ దయ్యానికి మొదటి ఎపిసోడు నుంచే ఒక కట్టుబాటు పెట్టింది. పగటిపూట ఓబులమ్మవ్వ మాట ఎవరికీ వినబడదు. ఎంత అవసరమొచ్చినా, కథ ఎక్కడ ఇరుక్కున్నా ఆ కట్టుబాటు తప్పడానికి వీల్లేదు. “దయ్యమైతే మాత్రం ఇష్టమొచ్చినట్ల చేస్తాదా? దానికీ ఒక పద్ధతి ఉండాదని తెలిస్తేనే మనిషికి భయం. పద్ధతి లేనిది దయ్యం కాదు, గారడీ,” అనేది.

అట్లాంటి సీరియల్‌కు ఒకరోజు ఛానెల్ నుంచి ఫోను వచ్చింది. మా సీరియల్ వ్యవహారం చూసే అధికారి. ఎస్తేరమ్మ గారు స్పీకరు పెట్టింది. “మేడమ్, జనం భయపడీ భయపడీ అలిసిపోయారు. ఒక్క కామెడీ ఎపిసోడ్ పడాలి. దయ్యాన్ని కాస్త ఆడిద్దాం. జారిపడటం, పనిమనిషి చీపురు తిరగేసి కొట్టడం, అలా. ఆ పనిమనిషికి మీ సీమ యాస పెట్టేయండి. సగం నవ్వు అక్కడే వచ్చేస్తుంది,” అన్నాడాయన.

ఎస్తేరమ్మ గారు కళ్లద్దాలు నుదుటి మీది నుంచి తీసి బల్ల మీద పెట్టింది. “సగం నవ్వు మా మాటలోనే ఉంటే, మేము పొద్దస్తమానం నవ్వుకుంటానే ఉండల్ల గదా సార్. మా ఇండ్లల్లో చావులుండవా? ఈడెవురూ ఏడవరా?”

“కామెడీ కోసమే కదా మేడమ్,” అన్నాడాయన. ఇంకేమంటాడు? తెర మీద మన మాటకు ఇచ్చిన ఉద్యోగాలు రెండే. కత్తి పట్టుకున్నవాడి నోట్లో ఉండాలి, లేదా చీపురు పట్టుకున్నదాని నోట్లో ఉండాలి. చదువుకున్న పిల్ల, ప్రేమించిన పిల్లవాడు, వైద్యం చేసే డాక్టరు, వీళ్లెవరూ 'యాడ' అనరు, 'శానా' అనరు. నాలుగు జిల్లాల జనం తమ అమ్మల్ని పిలిచే గొంతుతో, తమ పిల్లల్ని జోకొట్టే గొంతుతో ఎవడో ఒకడు నవ్వు పుట్టించుకుంటున్నాడు. దాన్ని తప్పని అన్నవాళ్లకు హాస్యం తెలియదంటారు. హాస్యం తెలియనిది ఎవరికి?

ఆమె ఆ రోజు ఫోన్లోనే తన షరతులు చెప్పింది. హాస్యం రాస్తాను, కానీ దయ్యాన్ని కొట్టించను. ఆ ఇంట్లో అందరూ ఒకే మాట మాట్లాడతారు, మా మాట. బయటి నుంచి తెచ్చిన నవ్వు అతికించకూడదు. “మీరు పెద్దవారు, మీ ఇష్టం మేడమ్,” అన్నాడాయన. ఆమె నమ్మింది. ఫోను పెట్టేసి నాతో అంది: “ఖాజా, మన మాట మాట్లాడే ఒక ఇల్లు, నగుబాటు కాకుండా జనాన్ని నవ్వించేది నేను కండ్లతో చూడల్లప్పా. అది చూసినాక ఇంగ రాయకపోయినా పర్వాలేదు.” అప్పటి నుంచి ఆఫీసులో మా అందరి ధ్యాస దాని మీదే. ఆ ఒక్క ఎపిసోడు ఆమె రాసినది రాసినట్టుగా జనం ముందుకు వెళుతుందా లేదా అన్నదే.

చనిపోయినవాళ్లకు, పెద్దలకు పెట్టే రోజున, విస్తరి పెట్టి కాకి కోసం చూసే ఆచారం మీకు తెలిసిందే. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరుగా ముందుకొచ్చి, ఫలానాది చేస్తాం, ఫలానావాళ్లను చూసుకుంటాం అని విస్తరి ముందు మాట ఇస్తారు. సరైన మాట పడ్డప్పుడు కాకి దిగుతుంది. ఈ ఎదురుచూపు మా ఇద్దరి ఇళ్లలోనూ లేదు. మా ఇంట్లో తాతకు ఇష్టమైన ఖీరు ముందు పెట్టి ఫాతెహా చదువుతారు. వాళ్లింట్లో సమాధికి సున్నం కొట్టి, పూలు పెట్టి, పాట పాడి వస్తారు. అందుకే ఆమె కనబడిన ప్రతివాళ్లనూ అడిగేది, మీ ఇంట్లో ఎప్పుడన్నా కాకి రాలేదా అని. రాని ఇల్లు లేదు! అడిగినవాళ్లందరూ ఒక కథ చెప్పారు. చెబుతూ నవ్వారు. నవ్వుతూనే పైట కొంగుతోనో తువ్వాలుతోనో కళ్లు ఒత్తుకున్నారు. ఆమె నా వైపు తిరిగి, “చూస్తాండావా అప్పా, ఒకే ముఖంలో నీ శత్రువులిద్దరూ,” అంది.

ఆమె రాసిన కథ ఇది. ఓబులమ్మవ్వకు విస్తరి పెట్టారు. అంతకాలం అందర్నీ హడలగొట్టిన దయ్యం ఆకలితో విస్తరి పక్కనే నిలబడి ఉంది. కాకి ముట్టనిదే తాను ముట్టకూడదు. కాకేమో పిట్టగోడ మీద కూర్చుని ముక్కు గోక్కుంటోంది. కొడుకులూ కోడళ్లూ భయంతో ఒకరి తర్వాత ఒకరు మాటలిస్తున్నారు. పెద్దకొడుకు, “వెండిగిన్నె నేనే దాచినా మా, తమ్మునికే ఇస్తా,” అంటాడు. ఆ గిన్నె గురించి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. చిన్నకోడలు, “నీ ముక్కుపుడక పోలేదత్తా, నా పెట్టెలో ఉండాది,” అంటుంది. ఒక్కో మాటకూ ఇంట్లో ఒక్కో తగువు లేస్తుంది. పక్కనుంచి ఓబులమ్మవ్వ, “ఓరి నాయనా, ఆ గిన్నె నాకేంటికిరా! సంగటి సల్లారిపోతాండాది!” అని గుండెలు బాదుకుంటుంది. పగలు కదా, ఎవరికీ వినబడదు. చివరికి పక్కింటి చెన్నమ్మ పిట్టగోడ అవతల నుంచి తొంగిచూస్తుంది. ఇద్దరూ జీవితమంతా ఎవరి రాగిసంగటి బాగుంటుందనే విషయం మీద కొట్లాడుకున్నవాళ్లు. చెన్నమ్మ కాసేపు కాకినీ విస్తరినీ చూసి, “సరేలేవే ఓబులీ. నీ సంగటే మెత్తన. నాది రాయి. ఒప్పుకున్నా, ఇంగ తిను,” అంటుంది. కాకి దిగుతుంది. చెన్నమ్మ గోడకు చేరగిలబడి, “ఇంగ నేనెవురితో కొట్లాడేదే,” అంటుంది. అంతే ఎపిసోడు.

షూటింగు వేంపల్లెలో, వెంకటసుబ్బయ్య అనే చీనీబత్తాయి తోట రైతు ఇంట్లో. పాత మిద్దె, పైన కావలసినంత చోటు, తోటలో కావలసినన్ని కాకులు. విస్తరిలోకి ఏం వండాలని ఆయన భార్య అడిగితే, “ముసలామెకు ఇష్టమైనవి ఏవన్నా చేయండమ్మా,” అని మావాడొకడు చెప్పాడు. ఏ ముసలామె అనేది మావాడు చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ ఇంట్లో ముసలామె అంటే వెంకటసుబ్బయ్య తల్లే. ఆమె పోయి మూడేళ్లు. రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి, అలసందల వడలు, తల్లికి ఏమేం ఇష్టమో అవన్నీ తయారయ్యాయి. పైగా షూటింగుకు మేం కుదుర్చుకున్న రోజు అమావాస్య. మా కంపెనీలో ఎవరూ క్యాలెండరు చూడలేదు.

విస్తరి మిద్దె మీద దక్షిణం ముఖంగా పెట్టాం. కెమెరా సిద్ధం. కాకి గోడ మీద వాలింది గాని విస్తరి దగ్గరకు రాలేదు. ఇంకోటి వచ్చి అదీ గోడ మీదే కూర్చుంది. మెతుకులు చల్లాం, పక్కకు తప్పుకున్నాం, అయినా రాలేదు. ఆ హడావుడి విని వెంకటసుబ్బయ్య పైకి వచ్చాడు. విస్తరిలో ఉన్న వంటలు చూశాడు, కాకిని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, చెప్పులు విడిచి, విస్తరి ముందు నిలబడి చేతులు జోడించాడు.

“మా, చెల్లెల్ని పండక్కు పిలవలేదని కోపమా? పిలుస్తా మా. రేపే పోయి పిలుచుకొస్తా. నేను కొట్లాడింది నిజమే. దానిదే తప్పని ఇంగ అననులే మా. తిను.”

మా లైటు మనిషికి నవ్వు పొంగుకొచ్చింది. ఎస్తేరమ్మ గారు వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడి నవ్వు గొంతులోనే ఆగిపోయింది. కెమెరామన్ ఆమె చెవి దగ్గరకు వంగి, “మేడమ్, ఇంత బాగా ఏ యాక్టరు చేస్తాడు? షూట్ చేసేస్తా,” అన్నాడు. ఆమె కెమెరా మీద చెయ్యి పెట్టింది. “ఆయన చేస్తాండాడా? వాళ్లమ్మతో మాట్లాడుతాండాడు. అందరూ కిందికి నడవండి.” అందరం చెప్పుల చప్పుడు కాకుండా మెట్లు దిగాం. కింద పశువుల పాక దగ్గర నిలబడ్డాం. నిర్మాత గడియారం చూసుకుంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని మెట్ల దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడింది.

చాలాసేపటికి వెంకటసుబ్బయ్య దిగి వచ్చాడు. కాస్త సిగ్గుగా, కాస్త తేలికపడ్డట్టుగా, “ముట్టిందిమా,” అన్నాడు.

“మంచిది నాయనా. ఇంగో విస్తరి పెట్టుకోవచ్చా? మా ఓబులమ్మకు,” అని అడిగింది ఎస్తేరమ్మ గారు.

“పెట్టుకోండిమా. మాయమ్మ తినింది గదా. ఇంగ ఎవురన్నా తినొచ్చు.”

ఆ మాటకు ఆమె నవ్వింది, ఆయనా నవ్వాడు. పైకి వెళ్లేముందు ఆమె నా చేతిలోని కాగితాలు తీసుకుని, అక్కడే మెట్ల మీద కూర్చుని, చమత్కారం కోసం తాను రాసిన మాటలన్నీ కొట్టేసింది. పెద్దకొడుకు కన్నుగీటేది కొట్టేసింది, చిన్నకోడలు వెక్కిరింత కొట్టేసింది. నటులను పిలిచి, “మీకు నవ్వొస్తాండాదని కెమెరాకు తెలియగూడదు. మీయమ్మ ఆకలితో ఉండాది, అంతే. నవ్వేది మీ పని కాదు, చూసేవాళ్ల పని,” అంది. ఆ మధ్యాహ్నం తీసిందంతా చూస్తూ నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. చెన్నమ్మ వేషం వేసిన ఆమె గోడకు చేరగిలబడినప్పుడు నా చెయ్యి నోటి మీది నుంచి కళ్ల మీదికి పోయింది. నేను ఎన్ని పుస్తకాల్లో వెతికినా దొరకనిది ఆ మిద్దె మీద దొరికింది. దయ్యం దయ్యంగానే ఉంది, ఆకలి ఆకలిగానే ఉంది, భయపడేవాళ్లు నిజంగానే భయపడుతున్నారు. ఏ ఒక్కటీ అబద్ధం కాలేదు కాబట్టే నవ్వు వచ్చింది.

ఎపిసోడు ప్రసారమైన సాయంత్రం ఆఫీసులో అందరం టీవీ ముందు చేరాం. పెద్దకొడుకు చేతులు జోడించాడు. “వెండిగిన్నె నేనే దాచాను అమ్మా,” అన్నాడు. గొంతు మారిపోయింది. ఎవరో హైదరాబాదులో కూర్చుని చెప్పిన గొంతు. మాట కూడా మారిపోయింది. వెంటనే ఆ గుంపు నవ్వు, చివర్లో ఆ కీచు. ఇంట్లో అందరికీ టీవీ తెలుగు వచ్చేసింది. ఒక్క చెన్నమ్మకు మాత్రం మా మాట వదిలేశారు, నవ్వడానికి. కాకి ఎగిరితే బొయ్యిమని ఒక శబ్దం. చెన్నమ్మ, “ఇంగ నేనెవురితో కొట్లాడేదే,” అన్నప్పుడు గుంపు పగలబడి నవ్వింది. ఒక ముసలామె ఒంటరిదైపోయానని అంటోంది, వీళ్లు నవ్వుతున్నారు! గోడ మీది కాకికి ఉన్నపాటి జ్ఞానం కూడా లేదా ఆ నవ్వు అతికించిన చేతికి?

ఎస్తేరమ్మ గారు చివరి పేర్లు పడేదాకా చూసి, ఫోను తీసింది.

“సార్, ఆ నవ్వింది ఎవురు?”

“మేడమ్, అది సౌండ్ వాళ్లు వేస్తారు. ఎక్కడ నవ్వాలో జనానికి తెలియాలి కదా.”

“యాడ నవ్వల్లో మా జనానికి తెలుసు సార్. యాడ నవ్వగూడదో కూడా తెలుసు. తెలియంది మీకు. మాటిచ్చి తప్పినారు.”

“రేటింగ్ వస్తే మీరే సంతోషిస్తారు చూడండి,” అని ఆయన పెట్టేశాడు. రేటింగ్ వచ్చింది కూడా. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మంచిదాన్ని పాడుచేసి, ఆ పాడైనదానికి నాలుగు చప్పట్లు పడగానే, చూశారా మాదే ఒప్పు అనడం! దానిలో మిగిలిన మంచికి పడ్డ చప్పట్లవి. అన్నంలో రాళ్లు కలిపి పెట్టినా ఆకలిగొన్నవాడు తింటాడు. అందుకని రాళ్లే రుచి అంటారా?

మర్నాడు వెంకటసుబ్బయ్య ఫోను చేశాడు. “ఏమ్మా, మా మిద్దె మీద నవ్వింది ఎవురుమా? నేను మొక్కుకునేటప్పుడు మీరెవురూ నవ్వలేదే. దిగిపోయినారు గదా. మా చెల్లెలు వచ్చిండాది. చూసినప్పట్నుంచి ఏడుస్తాండాది. అమ్మను ఊరందరి ముందర నవ్వులపాలు చేసినావంటాది నన్ను.” ఎస్తేరమ్మ గారు, “నేను వస్తాండా నాయనా,” అంది. ఎడిటింగు గదికి వెళ్లి, ఛానెల్‌కు పంపకముందున్న అసలు ఎపిసోడును పెన్‌డ్రైవులో వేయించుకుంది. నిర్మాత అడ్డుపడ్డాడు, ఛానెల్‌వాళ్లకు తెలిస్తే సీరియల్ ఆపేస్తారన్నాడు. “ఆపనీ. మాటిచ్చిన ఇల్లు ఒకటుండాది. ఆడికి పోవల్ల,” అని నన్ను వెంటబెట్టుకుని వేంపల్లె బస్సెక్కింది. దారిపొడవునా కిటికీ బయట ఎండిన వంకల వైపు చూస్తూ పెదవులు బిగబట్టి కూర్చుంది.

ఆ ఇంటి నడవలో మమ్మల్ని చూసి ఎవరూ లేవలేదు. చెల్లెలు ముఖం తిప్పుకుంది. ఎస్తేరమ్మ గారు నిలబడే చెప్పింది: “మీరు చూసింది మేము తీసింది కాదు. మేము తీసింది తెచ్చినా. చూడండి. చూసినాక తిట్టేదుంటే తిట్టండి, నిలబడి పడతా.” ఇరుగుపొరుగు కూడా చేరారు. వెంకటసుబ్బయ్య పెద్దమ్మ మునెమ్మవ్వను, చూపు సరిగా ఆనదని, టీవీకి దగ్గరగా పీట వేసి కూర్చోబెట్టారు.

నేను టీవీ చూడలేదు, వాళ్లను చూశాను. మొదట ఎవరూ కదల్లేదు. వెండిగిన్నె మాట రాగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. “అచ్చం మా మరిది లెక్కనే,” అంది ఒకామె. సంగటి సల్లారిపోతాందని ఓబులమ్మవ్వ గుండెలు బాదుకునేసరికి నడవంతా ఒక్కసారి గొల్లుమంది. ముఖం తిప్పుకున్న చెల్లెలు కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది, నవ్వుతూ అన్న వీపు మీద ఒకటి చరిచింది. ఆ నవ్వులో ఒక గొంతుకూ ఇంకో గొంతుకూ పోలిక లేదు. ఒకరిది ముందు మొదలైంది, ఇంకొకరిది ఆలస్యంగా అందుకుంది, ఒకరికి దగ్గు వచ్చింది. చెన్నమ్మ పిట్టగోడ మీది నుంచి తొంగిచూసేసరికి అందరూ సద్దుమణిగారు. ఎవరూ చెప్పకుండానే. “ఇంగ నేనెవురితో కొట్లాడేదే,” అన్నప్పుడు వెంకటసుబ్బయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఎస్తేరమ్మ గారు ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది. తాను చూడాలనుకున్నది ఆమె ఆ నడవలో చూసింది, ఒకే ఒక్కసారి.

టీవీ ఆపేశాక మునెమ్మవ్వ పీట మీది నుంచి తల తిప్పి, ఎస్తేరమ్మ గారిని వెతుక్కుంటున్నట్టు చూసింది.

“మా, ఆ ఓబులమ్మకు కడుపు నిండినట్టేనా? కాకి రెండు ముద్దలే గదా తినింది.”

అది కథ అవ్వా, అనవచ్చు. మేము వేసిన వేషం, అనవచ్చు. ఎస్తేరమ్మ గారు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

“నిండిందవ్వా. మేము కెమెరా ఆపినాక కూడా తింటానే ఉండింది.”

“అట్లయితే సరే,” అంది మునెమ్మవ్వ. “మా వాళ్లకు చెప్పండి, ఈ అమ్మకు సంగటి పెట్టమని.”

ఎస్తేరమ్మ గారు ఆ తర్వాత ఆ ఛానెల్‌కు ఒక్క ముక్క రాయలేదు. సీరియల్ ఇంకెవరి చేతుల్లోనో కొన్నాళ్లు ఈడ్చుకుంటూ సాగి ఆగిపోయింది. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయి. ఆ నవ్వు అతికించిన ఎపిసోడును ఛానెల్‌వాళ్లు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంచారు, కింద ఆమె పేరుతో సహా. కనీసం ఆ పేరన్నా తీసేయమని అడుగుతూనే ఉన్నాను. జవాబు లేదు. దాన్ని చూసి నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ దాన్ని చూసి, ఇది ఎస్తేరమ్మ రాసింది అని మాత్రం అనకండి. అలా అన్నవాళ్లతో నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా కొట్లాడతాను.

ఇప్పుడు నేనే రాస్తున్నాను, చిన్నచిన్న కంపెనీలకు. పోయిన నెల ఒక డైరెక్టరు వచ్చి తన దయ్యాల కథలో ఒక హాస్య ఘట్టం రాసిపెట్టమన్నాడు. దయ్యం జారిపడాలంట, ఎవరో చెంప పగలగొట్టాలంట. అంతా విని నేను అడిగాను.

“ఆ దయ్యం పొద్దున్నుంచి ఏమన్నా తినిందా?”

అతను నా ముఖంలోకి వింతగా చూశాడు. “దయ్యం తినేదేంది సార్?”

“అది తెలుసుకుని రా అప్పా,” అన్నాను. “నవ్వేది తర్వాత చూద్దాం.”